ఉచితంగా వచ్చే ట్రాన్స్‌మిటర్‌కు మూడు వేల డాలర్లు

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను, జనరల్ క్లాస్ లైసెన్సున్న హామ్‌ను (సరదాకు రేడియో నడిపే అమెచ్యూర్‌ను). ఒక రేడియో స్టేషన్ వారు మూలనపడ్డ గేట్స్ బీసీ-1టీ ఏఎం ట్రాన్స్‌మిటర్‌ను ఉచితంగా తీసుకువెళ్లమంటున్నారు. తరలింపునకు 1,800, గరాజ్‌లో 240 వోల్టుల వైరింగుకు 1,200 డాలర్లు అవుతాయి. బ్యాంకులో 6,000 ఉన్నాయి, నెల ఖర్చు 4,000. 401కెలో, అంటే రిటైర్మెంటు పొదుపు పథకంలో, కంపెనీ ఇచ్చే పూర్తి వాటా రావడానికి సరిపడా నేను కట్టడం లేదు. క్రెడిట్ కార్డు మీద కానివ్వవచ్చా?

జవాబు: కార్డు మీద మాత్రం వద్దు. ముందుగా 401కె చందాను కంపెనీ వాటా పూర్తిగా వచ్చే స్థాయికి పెంచండి. ఆ తరువాత నెలకు 600 డాలర్ల చొప్పున విడిగా దాచితే ఐదు నెలల్లో 3,000 సమకూరుతాయి. ఉన్న 6,000 నెలన్నర ఖర్చుకే సరిపోతాయి కనుక వాటిని కదపకండి.

మీరు తెచ్చుకునే శక్తిలో ఎంత వాడుకోగలరో కూడా లెక్క వేయాలి. ఈ ట్రాన్స్‌మిటర్ ఇచ్చే వెయ్యి వాట్ల క్యారియర్‌ను (మాటను మోసే మూల తరంగాన్ని) పూర్తిగా మాడ్యులేట్ చేస్తే, అంటే దానిపై మాటను ఎక్కిస్తే, శిఖరాన నాలుగు వేల వాట్లు వస్తాయి. అమెరికాలో అమెచ్యూర్లకు గరిష్ఠ పరిమితి 1,500 వాట్లే కాబట్టి, క్యారియర్‌ను 375 వాట్లకు తగ్గించి నడపవలసి ఉంటుంది. దానిలోని నాలుగు 833ఏ వాక్యూమ్ ట్యూబుల ఫిలమెంట్లు వెలగడానికే 400 వాట్లు ఖర్చవుతాయి. 160 మీటర్ల బ్యాండులో (హామ్‌లు వాడే ఒక తరంగాల శ్రేణిలో) 1,885 కిలోహెర్ట్జ్ దగ్గర అర్ధతరంగ డైపోల్ యాంటెన్నా వేయాలంటే దాదాపు 248 అడుగుల తీగ కావాలి. మీ పెరట్లో అంత చోటుందా అన్నది మీ లేఖలో లేదు.

తీసుకుంటానని మాట ఇచ్చే ముందే అనుభవమున్న హామ్‌ను వెంటబెట్టుకుని వెళ్లి మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్లను పరీక్షింపజేయండి, ఎందుకంటే అది కాలిపోయి ఉంటే సరిజోడు దొరకడం కష్టం, అప్పుడు ఉచితమన్న మాటకు అర్థముండదు. నూనె నింపిన పాత కెపాసిటర్లను కూడా చూడండి: అమెరికా 1979లో ఉత్పత్తిని నిషేధించిన పీసీబీలు అనే విషపూరిత రసాయనాలు వాటిలో ఉండవచ్చు, కారితే పారవేసే ఖర్చు యజమానిదే. బరువైన ట్రాన్స్‌ఫార్మర్లను ముందే ఊడదీసి విడిగా తరలిస్తే క్యాబినెట్ తేలికవుతుంది, తరలించేవారి ధరా తగ్గే అవకాశముంది. పాదరసపు రెక్టిఫైయర్ ట్యూబులను నిలువుగానే ఉంచి తీసుకురావాలి. వైరింగు ఖర్చులో మాత్రం కోత పెట్టకండి; తలుపు తెరిస్తే కరెంటు ఆగిపోయే ఇంటర్‌లాక్‌లను ఎవరు ఎంత చెప్పినా తీసివేయకండి. లోపలున్నవి వేల వోల్టులు, గరాజ్‌లోకి పిల్లలు వస్తుంటారు.

స్టేషన్ వారిని ఐదు నెలల గడువు రాతపూర్వకంగా అడగండి. వారు అంతకాలం ఉంచలేమంటే, దాన్ని వెంటనే తీసుకువెళ్లగల మరొక హామ్‌కు కబురు చేయండి.