'ఫైన్' అంటే బాగుందనా, జరిమానా అనా? ఈ రెండు అర్థాలకూ ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. రెండూ లాటిన్‌లోని 'ఫీనిస్' నుంచే వచ్చాయి. దానికి హద్దు, ముగింపు అని అర్థం. ఫినిష్, ఫైనల్, డిఫైన్ కూడా ఆ ఇంటివే.

నాకు జరిమానా కథ ఎక్కువ ఇష్టం. మధ్యయుగపు ఇంగ్లండులో ఫైన్ అంటే తగాదా తెగ్గొట్టుకునే రాజీ. ఆ రాజీకి కట్టే సొమ్మునూ అలాగే పిలిచారు, పోనుపోను అది తప్పు చేసినవాళ్లు కట్టేదైంది. భూమి చేతులు మారినప్పుడు కూడా కోర్టులో ఫైన్ రాయించుకునేవారు. 1195 నుంచి ఒకే తోలుపత్రం మీద ఆ ఒప్పందాన్ని మూడుసార్లు రాసి, వంకరగా కోసి, ఇరుపక్షాలకూ చెరొకటి ఇచ్చి, అడుగు ముక్క కోర్టు దాచుకునేది. ఎవరైనా దొంగ పత్రం తెస్తే అంచులు అతకవు! ఈ రకం ఫైన్లు 1833లో చట్టం చేసి రద్దు చేసేదాకా నడిచాయి. ఫైనాన్స్ కూడా ఇలాంటిదే, మొదట్లో బాకీ తీర్చి లెక్క ముగించడం.

'బాగుంది' అనే అర్థం ఫ్రెంచి మీదుగా వచ్చింది. పని పూర్తయిందంటే వంక పెట్టడానికేమీ లేదని, అంటే మేలైనదని. బంగారం స్వచ్ఛతను ఇప్పటికీ ఫైన్‌నెస్ అంటారు. సన్నటి పొడి, సన్నటి దారం లాంటి వాడుకలూ ఈ వైపువే.

అసలు చిక్కు వాడుకలో ఉంది. ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు, వారం కష్టపడి రాసిన రిపోర్టు చూసి మా మేనేజర్ 'ఇట్స్ ఫైన్' అన్నారు. మెచ్చుకున్నారనుకుని అలాగే క్లయింటుకు పంపేశాను. ఆవిడ ఉద్దేశం 'పర్లేదు, నడుస్తుంది' అని తర్వాత తెలిసింది. ఇంకో రెండు రోజులు దాని మీద కూర్చుని ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పటి నుంచి ఒకటి గమనిస్తున్నాను. 'ఎ ఫైన్ రిపోర్ట్' అని నామవాచకానికి ముందు పెడితే చాలాసార్లు నిండు మెచ్చుకోలు. 'ఇట్స్ ఫైన్' అని చివర్లో ఒంటరిగా వదిలితే మాత్రం తరచూ సర్దుబాటే. సాయం చేయనా అని అడిగినప్పుడు 'ఐయామ్ ఫైన్' అంటే మాత్రం అది క్షేమసమాచారం కాదు. అక్కర్లేదని మర్యాదగా చెబుతున్నారు.