పరుగు మొదలుపెట్టిన అల్లుడికి

ఒరే అల్లుడూ,

ఈ ఎండాకాలమంతా ప్రాక్టీసు చేసి అక్టోబరుకల్లా పది కిలోమీటర్లు 45 నిమిషాల లోపు కొడతానంటున్నావట, అక్క ఫోన్‌లో చెప్పింది. చెబుతూ నన్నే తిట్టింది, అంతా నీ పోలికే అని. పైకి ఊ కొట్టాను గానీ లోపల భలే సంతోషమేసింది. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

బూట్లు మంచివి కొనుక్కో. వారానికి ఒకరోజు మానెయ్. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరే, వడదెబ్బ. రాత్రి ఒంటిగంట దాకా టీవీలో డైమండ్ లీగ్ అని ఆ పెద్ద పరుగు పోటీలు చూసి, పొద్దున లేవలేక ఎనిమిదింటికి బయల్దేరుతున్నావంటనే! వాళ్లు యూరప్‌లో సాయంత్రం పూట పరుగెత్తుతారురా, నువ్వు నిద్ర చాలకుండా అనంతపురం మే నెలలోకి పోతున్నావు.

1988లో నాకు ఇరవై ఏళ్లు. అంతకు ముందు ఏడే మొరాకో రన్నర్ సయీద్ ఔయిటా రోమ్‌లో 5000 మీటర్లు 12 నిమిషాల 58.39 సెకన్లలో ముగించాడు, 13 నిమిషాల లోపు వచ్చిన మొదటి మనిషి. ఆ పేపర్ ముక్క జేబులో పెట్టుకుని తిరిగేవాణ్ణి. మొరాకోలో మాత్రం ఎండలుండవా, మనకేం తక్కువ అనుకున్నా. మూడు రోజులు జ్వరంతో పడుకుని లేచిన మర్నాడే, మీ అమ్మకు చెప్పకుండా, పొద్దున పదింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు పోయా. నాలుగొందల మీటర్లు పన్నెండు సార్లు కొట్టాలని ప్లాను. ఏడోదానికి తల దిమ్మెక్కింది. ఎనిమిదోదానికి చలేసింది, మే నెలలో చలి! అది హాయిగా ఉందనుకున్నా చూడు, అప్పటికే బుర్ర పోయింది. తొమ్మిదోది నాకు గుర్తే లేదు. గోడకేసి పరుగెత్తుతున్నానట, పేరడిగితే రౌండు నంబరు చెప్పానట. వేపచెట్టు కింద మజ్జిగ అమ్మే అవ్వ, ఇంకో ఇద్దరు పిల్లోళ్లు కుండల్లోని నీళ్లన్నీ నా మీద కుమ్మరించి, ఆ తర్వాతే బండి కోసం పోయారు. ముందు ఒళ్లు చల్లార్చు, తర్వాత ఆసుపత్రి అని ఇప్పుడు డాక్టర్లు కూడా చెబుతారు, ఆ అవ్వకు ఎవరు చెప్పారో. రెండ్రోజులు మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. మీ అమ్మ ఏడ్చిన ఏడుపు నేను చచ్చేదాకా మరవను.

అందుకే చెబుతున్నా, జ్వరమొస్తే దాచొద్దు. అది తగ్గాక వారం దాకా గట్టిగా పరుగెత్తొద్దు. ఎండలో చలేసినా, అడుగు తడబడినా అక్కడే ఆగి నెత్తిన నీళ్లు పోసుకో, పక్కనున్నోళ్లను పిలువు. ఒంటికి ఎండ అలవాటు కావడానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, అంతవరకు వాచీ ఇంట్లో పెట్టిపో. ఐదున్నరకు మొదలుపెట్టి ఏడు లోపల ఇంట్లో ఉండాలి. ఉప్పేసిన మజ్జిగ తాగు, బిందెడు వట్టి నీళ్లు ఒకేసారి పట్టించినా ఒంట్లో ఉప్పు పలచబడి ప్రమాదమే.

రేసులు చూడొద్దని నేననను. మన అవినాష్ సాబ్లే స్టీపుల్‌చేజ్, అదే అడ్డుకర్రలూ నీళ్ల గుంటా దాటుతూ తీసే మూడు వేల మీటర్ల పరుగు, 8 నిమిషాల 9.91 సెకన్లు కొట్టిన రోజు నేనూ ఎగిరి గంతేశా, బీడ్ జిల్లా కరువు పల్లె పిల్లోడు మనోడిలాగే అనిపిస్తాడు. కాకపోతే పొద్దున చూడప్పా, రికార్డింగు ఎక్కడికీ పారిపోదు. ఉగాండా రన్నర్ చెప్టెగీ ట్రాక్ మీద పది కిలోమీటర్ల రికార్డు 26 నిమిషాల 11 సెకన్లు, అంటే రౌండుకు దాదాపు 63 సెకన్లు, అట్లా ఇరవై ఐదు రౌండ్లు! నువ్వు ఒక్క రౌండు తిరిగి చూపించు, బిర్యానీ నాది.

శనివారం రాత్రి బస్సుకు ధర్మవరం నుంచి వస్తున్నా. ఆదివారం పొద్దున ఐదింటికల్లా నిన్ను లేపుతా, మజ్జిగ చెంబు నేనే పట్టుకొస్తా. టీ డికాషన్ సంగతి మాత్రం మీ అమ్మ దగ్గర ఎత్తొద్దు.

మీ మామ