ఎండోమెట్రియోసిస్‌కు లూప్రొలైడ్ ఇంజెక్షన్ రాశారు, వేయించుకోవచ్చా?

చాక్లెట్ సిస్టుకు (ఎండోమెట్రియోసిస్ వల్ల అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి) ఆపరేషన్ అయిందనీ, డాక్టరు ఆరు నెలల పాటు నెలకొక లూప్రొలైడ్ ఇంజెక్షన్ రాశారనీ, ముప్పై దాటకుండానే ముట్లుడిగిన దానిలా అయిపోతానేమోననీ, ఎముకలు గుల్లబారతాయన్నది నిజమేనా అనీ గుణుపూర్ నుంచి అడిగారు. నేను మీకు దగ్గర్లోనే, పర్లాకిమిడిలో ఉంటాను. ఇదే మందు పూర్తి కోర్సు తీసుకున్నాను. నా అభిప్రాయం ముందే చెప్తాను: ఇంజెక్షన్‌ను భయంతో వద్దనకండి, కానీ దానితో పాటు ఎముకల రక్షణకు వేసుకునే 'యాడ్ బ్యాక్' హార్మోను మాత్ర సంగతి తేలకుండా మొదటి సూది వేయించుకోకండి.

ఈ మందు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిని మొదట బాగా రెచ్చగొట్టి, ఆ తర్వాత అణచివేస్తుంది. దాంతో అండాశయాలకు అందే ఆదేశాలు ఆగిపోయి, ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను ముట్లుడిగిన స్త్రీలలో ఉండే స్థాయికి పడిపోతుంది. ఎండోమెట్రియోసిస్ అంటే గర్భాశయం లోపలి పొర లాంటిది బయట పెరగడం, ఆ పొరను పెంచి పోషించేది ఆ ఈస్ట్రోజెనే కాబట్టి నొప్పి తగ్గుతుంది. మొదటి ఒకటి రెండు వారాల్లో మాత్రం హార్మోను తగ్గడానికి బదులు పెరుగుతుంది. నొప్పి, రక్తస్రావం ఎక్కువ కావచ్చు. నాకు అలాగే అయింది. మందు వికటించిందని మా అత్తగారు తీర్మానించేశారు. ఇలా జరుగుతుందని డాక్టరు ముందే చెప్పి ఉండటం వల్ల నేను రెండో డోసు మానెయ్యలేదు.

వేడి ఆవిర్ల గురించి అందరూ చెప్తారు. ఛాతీ దగ్గర మొదలై మెడ, ముఖం మీదికి పాకుతుంది, చెమట పడుతుంది, కాసేపటికి చలేస్తుంది. నా కోర్సు సగం వేసవిలో పడింది. మే నెల పర్లాకిమిడిలో కరెంటు పోతే ఊరందరికీ వేడి ఆవిర్లే కదా, ఏది మందు వల్లో, ఏది ఉక్క వల్లో తేల్చుకోలేకపోయేదాన్ని. దీనికి మంచి సలహాలు ఇచ్చింది మా వీధిలోని పెద్దవాళ్లే: పలచని నూలు బట్టలు, రాత్రి కారం, టీ తగ్గించడం, మంచం పక్కన తడి గుడ్డ. అవి పనిచేశాయి.

నన్ను నిజంగా కుంగదీసింది నిద్ర లేకపోవడం, దాని వెంటే వచ్చిన చిరాకు. చెప్పబోయే మాట మధ్యలో మరిచిపోవడం, ఉదయం లేవగానే వేళ్ల కీళ్లు బిగుసుకుపోవడం కూడా ఉండేవి. ఇంట్లోవాళ్లు నా చిరాకును పొగరనుకున్నారు. అందుకే మొదలుపెట్టే ముందే మీ ఆయనను ఒకసారి డాక్టరు దగ్గర కూర్చోబెట్టండి. యోని పొడిబారడం, కోరిక తగ్గడం గురించి మనం ఇంట్లో చెప్పుకోం. ఆ మాట డాక్టరు నోటి నుంచి వస్తే చాలా గొడవలు తప్పుతాయి. పొడిదనానికి హార్మోను లేని లూబ్రికెంటు వాడవచ్చు. దిగులు మరీ ముదిరి బతకాలనిపించకపోతే వచ్చే డోసు తేదీ దాకా ఆగకండి, అదే రోజు డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు రాత్రయినా పగలైనా చేయవచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

ఇక ఎముకలు. భయం ఉట్టిది కాదు. ఈ మందును ఒక్కదాన్నే ఆరు నెలలు వాడితే వెన్నెముకలో ఎముక సాంద్రత సగటున 3 శాతానికి పైగా తగ్గుతుంది. ఆపాక చాలావరకు కోలుకుంటుంది, అందరిలో పూర్తిగా కోలుకోదు. యాడ్ బ్యాక్ మాత్ర ఉన్నది ఇందుకే. ఎముకకు సరిపడేంత, ఆ పొరకు చాలనంత ఈస్ట్రోజెన్ స్థాయి ఒకటి మధ్యలో ఉంటుందని రాబర్ట్ బార్బియేరి అనే అమెరికా వైద్యుడు 1992లో ప్రతిపాదించారు. దాని ఆధారంగానే రోజూ నోరెథిస్టిరోన్ అసిటేట్ 5 మిల్లీగ్రాముల మాత్ర, లేదా తక్కువ మోతాదు హార్మోను మరేదైనా ఇస్తారు. నొప్పి తగ్గడానికి అది అడ్డు రాదు, వేడి ఆవిర్లు కూడా తగ్గుతాయి. నేను మొదట వెళ్లిన క్లినిక్‌లో దీని గురించి అడిగితే 'ఆరు నెలలే కదా' అన్నారు. విశాఖపట్నంలో చూసిన రెండో డాక్టరు మొదటి డోసుతోనే మొదలుపెట్టారు. మీ గుణుపూర్ రైలే అక్కడికి పోతుంది, ఒక్కసారి రెండో అభిప్రాయం తీసుకుంటే నష్టం లేదు. ఇంట్లో ఎవరికైనా ఎముకలు గుల్లబారే జబ్బు ఉన్నా, మీరు స్టెరాయిడ్లు వాడి ఉన్నా ఆ సంగతి చెప్పి ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అవసరమా అని అడగండి. తిండిలో మనకు లోటేమీ లేదు: చోడి అంబలి, నువ్వులు, మునగాకు, ముళ్లతో తినే ఎండు నెత్తళ్లు. విటమిన్ డి మాత్రం పరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పినట్టు వాడండి.

ముట్లుడిగిన స్థితి శాశ్వతం కాదు. చివరి డోసు ప్రభావం పోయాక సాధారణంగా రెండు మూడు నెలల్లో నెలసరి తిరిగి వస్తుంది. అయితే నెలసరి రాకపోయినా ఇది గర్భనిరోధకం కాదు. కోర్సు జరిగినంత కాలం కండోమ్ వంటి హార్మోను లేని పద్ధతి వాడాలి. 'సూదులు అయిపోగానే కడుపు పండుతుంది' అని చుట్టాలు అంటారు, నమ్మకండి. సహజంగా గర్భం వచ్చే అవకాశాన్ని ఈ మందు పెంచదు. ఆ ఉద్దేశంతో ఇవ్వవద్దని యూరోపియన్ సంతాన వైద్యుల సంఘం 2022 మార్గదర్శకాల్లో ఉంది. మీకు వెంటనే బిడ్డ కావాలనుంటే అది డాక్టరుకు ఇప్పుడే చెప్పండి, వైద్యమే మారిపోవచ్చు.

ఆరో ఇంజెక్షన్ తర్వాత ఏమిటని కూడా ఇప్పుడే అడగండి. ఇది జబ్బును మాన్పే మందు కాదు, ఆపితే చాలామందికి నొప్పి మళ్లీ వస్తుంది. నాకూ వచ్చింది. ఇప్పుడు రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ అనే హార్మోను మాత్ర వేసుకుంటున్నాను. మొదట్లో ఆగి ఆగి రక్తపు మరకలు, తలనొప్పి ఉండేవి. మరకలు చాలావరకు తగ్గాయి, తలనొప్పి అప్పుడప్పుడూ ఉంది. ఆవిర్లు లేవు, నిద్ర పడుతోంది. కొందరు డాక్టర్లు ఇంజెక్షన్ కంటే ముందే దీన్ని ఇస్తారు, మీకెందుకు ఇవ్వలేదో అడిగి తెలుసుకోండి.