అతుకు కనిపించాలా, దాగాలా? కొలాజ్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ విడత వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఫొటో కొలాజ్ గురించే, అంటే పలు ఫొటోలను అతికి ఒకే బొమ్మగా కూర్చడం గురించే. ఫొటోషాప్ వాడేవాళ్లకూ, పైసా ఖర్చు లేని ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గింప్ వాడేవాళ్లకూ పనికొచ్చేలా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారి షష్టిపూర్తికి 12×18 అంగుళాల కొలాజ్ చేస్తున్నాను. ఆయన చిన్ననాటి నలుపు తెలుపు ఫొటోలు, పెళ్లినాటి రంగు వెలిసినవి, ఈమధ్య ఫోన్‌లో తీసినవి కలిపి 40 దాకా ఉన్నాయి. గింప్‌లో అన్నీ పేర్చి, అంచులు మెత్తగా కలిపేశాను. తీరా చూస్తే ఫ్లెక్సీలా ఉంది కానీ బొమ్మలా లేదు. తప్పెక్కడ జరిగింది? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: రెండు చోట్ల. ఒకటి 40 ఫొటోలు, రెండోది ఆ మెత్తటి అంచులు. పెళ్లి ఆల్బమ్‌లలో ప్రతి ముఖం చుట్టూ పొగ కమ్మినట్టు అంచు కరిగిపోయి ఉంటుంది చూడండి, మీ చేతికీ ఆ అలవాటే వచ్చింది. కొలాజ్‌లో అతుకు అయినా కనిపించాలి, లేదా పూర్తిగా దాగాలి. చింపి అంటించినట్టు ఉంటే అందం, ఒకే దృశ్యంలా కలిసిపోతే అదీ అందమే. అటూ ఇటూ కాకుండా మధ్యలో ఆగితే ఫ్లెక్సీ అవుతుంది. పాత ఫొటోలు ఉన్నాయి కాబట్టి మీకు చింపిన కాగితం పద్ధతే నప్పుతుంది.

ముందు ఫొటోలను ఏడు నుంచి తొమ్మిదికి తగ్గించండి. వాటిలో ఒకటి మొత్తం జాగాలో మూడో వంతు ఆక్రమించాలి. మిగతావి దానికి పక్కవాద్యాలు. అన్నీ ఒకే సైజులో పెడితే కన్ను ఎక్కడ ఆగాలో తెలియక తిరుగుతూనే ఉంటుంది.

తర్వాత కొలత. 12×18 అంగుళాలకు, అంగుళానికి 300 పిక్సెల్స్ చొప్పున 3600×5400 పిక్సెల్స్ ఫైలు కావాలి. దాన్ని మొదటే తెరవండి. చిన్న ఫైల్లో చేసి చివర్లో పెద్దది చేస్తే ముఖాలు మైనంలా అవుతాయి. పాత 3×4 అంగుళాల ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 1800×2400 పిక్సెల్స్ వస్తాయి, అంటే మీ కొలాజ్‌లో 6×8 అంగుళాల దాకా ధైర్యంగా వాడుకోవచ్చు. ఆల్బమ్‌కు అంటుకుపోయిన ఫొటోను మాత్రం పీకకండి. కిటికీ పక్కన నీడలో పెట్టి, ఫ్లాష్ ఆపి, ఫోన్‌ను దానికి సమాంతరంగా పట్టుకుని తీయండి.

ఇక అసలు పని రంగు కలపడం. పాత ఫొటోలో నలుపు అసలు నలుపుగా మిగలదు, ముదురు బూడిదగానో గోధుమగానో మారి ఉంటుంది. తెలుపు కూడా పసుపు పట్టి ఉంటుంది. ఫోన్ ఫొటోలో నలుపు కాటుకలా, తెలుపు సున్నంలా ఉంటాయి. ఈ రెండూ పక్కపక్కన పడితే కొత్తది ముందుకు దూకుతుంది. చాలామంది పాతదాన్ని కొత్తదానిలా మెరిపించబోతారు, చేయాల్సింది తిరగేసి. కొత్త ఫొటో ఉన్న లేయర్ (పొర) మీద వెలుగునీడలు సవరించే లెవెల్స్ తెరిచి, కింద అవుట్‌పుట్ గడిలో 0 ఉన్నచోట 25, 255 ఉన్నచోట 240 పెట్టండి. శాచురేషన్ (రంగుల గాఢత) 40 తగ్గించండి. అన్నిటికంటే పైన ఒక కొత్త లేయర్ వేసి, వెచ్చటి గోధుమ రంగు నింపి, ఒపాసిటీ (పొర మందం) 25 శాతానికి దించండి. దాని బ్లెండ్ మోడ్ (కింది పొరలతో కలిసే తీరు) ఫొటోషాప్‌లో అయితే కలర్, గింప్‌లో అయితే హెచ్ఎస్ఎల్ కలర్. చివరిగా, ఫోన్ ఫొటోలు మరీ నున్నగా ఉంటాయి కనుక నాయిస్ ఫిల్టర్‌తో కొద్దిగా రవ్వ చల్లండి. 100 శాతం జూమ్‌లో కనిపించీ కనిపించనట్టు ఉంటే చాలు.

మనిషిని కత్తిరించేటప్పుడు ఎరేజర్ జోలికి పోవద్దు. చెరిపింది తిరిగి రాదు. లేయర్ మాస్క్ వేసుకోండి: నల్ల బ్రష్‌తో పూస్తే దాగుతుంది, తెల్ల బ్రష్‌తో పూస్తే మళ్లీ వస్తుంది. ఆటోమేటిక్ సెలెక్షన్ ఎక్కడ మోసం చేస్తుందంటే అమ్మగారి జడలోని మల్లెపూల దగ్గర. వెనక సున్నం కొట్టిన గోడ ఉంటే పూలూ గోడా ఒకటేననుకుని సగం దండ కోసేస్తుంది. అక్కడ మాస్క్‌ను 300 శాతం జూమ్‌లో చేత్తోనే సరిదిద్దాలి. తలచుట్టూ పాత గోడ రంగు సన్నగా గీతలా మిగిలితే, మాస్క్ వేయకముందే సెలెక్షన్‌ను రెండు పిక్సెల్స్ లోపలికి కుదించండి.

ఇంకొకటి. వెలుగు అందరి మీదా ఒకే వైపు నుంచి పడాలని కొన్ని ఫొటోలను అద్దంలోలా తిప్పుతుంటారు. చీరలో ఉన్నవాళ్లను అలా తిప్పారో, ఎడమ భుజం మీది పైట కుడి భుజానికి వస్తుంది. పాపిడీ ముక్కుపుడకా వైపు మారతాయి. బయటివాళ్లు గమనించరు, ఇంట్లోవాళ్లు మాత్రం ‘ఏదో తేడాగా ఉందే’ అంటారు. తిప్పడం కంటే ఆ ఫొటోను కొలాజ్‌లో రెండో పక్కకు జరపడం మేలు.

చింపిన అంచు ఇలా వస్తుంది. ఫొటో మాస్క్‌ను లాసోతో (చేత్తో గీసి ఎంచుకునే పరికరం) చెయ్యి వణికినట్టు గీసి కత్తిరించండి. దాని కింద అదే ఆకారంలో మీగడ తెలుపు నింపిన లేయర్ పెట్టి, దాని అంచును మరో వంకర గీతతో, ఒకచోట 10, మరోచోట 25 పిక్సెల్స్ బయటికి వచ్చేలా గీయండి. 25 పిక్సెల్స్ అంటే ప్రింటులో సుమారు రెండు మిల్లీమీటర్లు. నిజంగా ఫొటోను చింపి చూస్తే లోపలి తెల్ల కాగితం అన్ని వైపులా సమానంగా బయటపడదు. కాబట్టి ఆ తెలుపు ఒకటి రెండు వైపులే ఉండాలి. నాలుగు వైపులా ఉంటే బిస్కెట్ అంచులా కనిపిస్తుంది. నీడ ప్రతి ముక్కకూ ఒకే దిక్కున పడాలి: కుడికి 8, కిందికి 8 పిక్సెల్స్, బ్లర్ 15, ఒపాసిటీ 35 శాతం. నీడ రంగు పచ్చి నలుపు కాకుండా ముదురు గోధుమ.

నేపథ్యానికి పాత కాగితమో, ఇంట్లో దాచిన ఉత్తరమో స్కాన్ చేసి పైన పరిచి మల్టిప్లై మోడ్ పెట్టండి. ఆ మోడ్‌లో తెలుపు మాయమై మరకలూ మడతలూ సిరా గీతలూ మాత్రమే మిగులుతాయి. మల్టిప్లై ఎప్పుడూ బొమ్మను కాస్త చీకటి చేస్తుంది, ముఖాల మీద మాత్రం దాన్ని మాస్క్‌తో తుడిచేయండి.

ప్రశ్న: బంధువులు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు కొలాజ్‌కు పనికొస్తాయా? (ఖమ్మం)

జవాబు: చిన్న ముక్కలుగా అయితే వస్తాయి. మామూలుగా పంపితే ఫొటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కు కుదించుకుపోతుంది, 300 డీపీఐలో అది 5 అంగుళాల పైచిలుకు. ప్రధాన బొమ్మకు చాలదు. డాక్యుమెంట్‌గా అటాచ్ చేసి మళ్లీ పంపమనండి, ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ప్రశ్న: ఒకే దృశ్యాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, మళ్లీ పేర్చి చేసే బొమ్మలు చూశాను. గోదావరి ఘాట్‌ను అలా చేయాలని ఉంది. ఫోన్‌లోని పనోరమా వాడితే సరిపోతుందా? (రాజమహేంద్రవరం)

జవాబు: సరిపోదు. పనోరమా అతుకులు దాచడానికి పుట్టింది, మీకు కావాల్సింది అతుకులే. ఈ పద్ధతికి పేరు తెచ్చినవాడు బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ. 1980ల మొదట్లో, తీసిన వెంటనే ప్రింటు చేతికొచ్చే పోలరాయిడ్ ఫొటోలను పక్కపక్కన పేర్చి చేసిన ఆ బొమ్మలను జాయినర్స్ అంటారు. ఒక్క క్లిక్‌లో కాలం ఆగిపోతుంది, ముప్పై క్లిక్కుల్లో కదులుతుంది. వంతెన మీద వెళ్తున్న రైలు మూడు ముక్కల్లో మూడుసార్లు పడితే చెరపకండి, బొమ్మకు ప్రాణం అదే.

ఒకేచోట నిలబడి, రెండింతల జూమ్‌లో, వరసకు 6 చొప్పున 5 వరసలు తీయండి. ప్రతి ఫొటోలో పక్కదానిది కనీసం ఐదో వంతు పడాలి. ఎక్స్‌పోజర్ లాక్ చేయకండి. నీళ్ల ముక్క కాస్త తెల్లగా, మెట్ల ముక్క కాస్త ముదురుగా రావడమే ఇక్కడ రుచి.

కంప్యూటర్లో మొదట ఫొటోలన్నిటినీ 1200×900 పిక్సెల్స్‌కు తగ్గించండి. ఈ పని మరిచిపోతేనే సిస్టమ్ మొరాయిస్తుంది. 4000×3000 ఫొటో తెరిచినప్పుడు మెమరీలో 36 ఎంబీ తింటుంది, 30 ఫొటోలంటే వెయ్యి ఎంబీ దాటుతుంది, అన్‌డూ చరిత్ర దానికి అదనం. తర్వాత 6600×4400 కాన్వాస్ తెరిచి, గింప్ అయితే ఫైల్ మెనూలో ఓపెన్ యాజ్ లేయర్స్‌తో అన్నీ ఒక్కసారే తెచ్చుకోవచ్చు. అడ్డంగా 960, నిలువుగా 720 పిక్సెల్స్ ఎడంతో పేర్చుకుంటూ వెళ్తే మొత్తం 6000×3780 అవుతుంది, చుట్టూ అంగుళం మేర తెల్ల ఖాళీ మిగులుతుంది. ఆ తర్వాత ఒక్కో ముక్కను ఒకటి రెండు డిగ్రీలు తిప్పండి, కొన్నిటిని బయటికి జరపండి. ప్రతి ముక్కకు 12 పిక్సెల్స్ తెల్ల అంచు వేస్తే అతుకులు తేటగా కనిపిస్తాయి. వంతెన గీత ముక్క ముక్కకూ కొద్దిగా మెట్లు కట్టినట్టు విరగాలి. గీత కలవలేదని కూర్చుని సరిచేస్తే మళ్లీ పనోరమా దగ్గరికే చేరతారు.

ప్రశ్న: ఫొటోషాప్‌లో ‘షష్టిపూర్తి’ అని టైప్ చేస్తే ‘షష్‌టిపూర్‌తి’ అని విడిపోతోంది. అను ఫాంట్‌తో రాస్తే బాగానే ఉంది కానీ ల్యాబ్‌లో ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిగీతలు వచ్చాయి. (వరంగల్)

జవాబు: రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది ఒత్తులు కలిపే ఇంజిన్ ఆన్‌లో లేకపోవడం. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి, అక్కడ వరల్డ్ రెడీ లేఅవుట్ ఉంటే ఎంచుకుని, కొత్త ఫైలు తెరవండి. పాత వెర్షన్లలో అదే చోట మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. అంతకుముందే రాసిన టెక్స్ట్ లేయర్‌కైతే పారాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో విడిగా మార్చాలి. గింప్‌లో ఈ బెడద లేదు, ఒత్తులు వాటంతటవే కూర్చుంటాయి. రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. శీర్షికకు రామభద్ర నిండుగా ఉంటుంది.

రెండోది: అను ఫాంట్లలో లోపల ఉన్నది తెలుగు కాదు, తెలుగు బొమ్మ తొడుక్కున్న ఇంగ్లిష్ కోడ్. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తొడుగు ఊడిపోతుంది. ల్యాబ్‌కు పీఎస్‌డీ (లేయర్లతో ఉండే ఫొటోషాప్ ఫైలు) ఇవ్వకండి, జేపెగ్ ఇవ్వండి. పీఎస్‌డీయే తప్పదంటే టెక్స్ట్ లేయర్‌ను రాస్టరైజ్ చేసి, అంటే అక్షరాలను బొమ్మగా మార్చి ఇవ్వండి. అన్నట్టు, అరవై నిండితే షష్టి. షష్ఠి అని రాస్తే అది ఆరో తిథి. ఊరి ఫ్లెక్సీలు సగం ఇక్కడే తప్పుతాయి.

ప్రశ్న: మా పాప బొమ్మను 200 చిన్న ఫొటోలతో మొజాయిక్‌గా చేయవచ్చా? (షార్జా)

జవాబు: చేయవచ్చు, కానీ చేత్తో పేర్చే పని కాదు. విండోస్‌లో ఆండ్రియా మొజాయిక్ ఉచితం. 12×18 అంగుళాలకు 40 అడ్డం, 60 నిలువు పెడితే 2400 గళ్లు, ఒక్కోటి 0.3 అంగుళం. మీ 200 ఫొటోల్లో ఒక్కోటి సగటున 12సార్లు వస్తుంది, కాబట్టి ఒకే ఫొటో పక్కపక్కన పడకుండా మధ్య దూరం సెట్ చేసుకోండి. ముదురు ఫొటోలు తక్కువైతే పాప జుట్టు బూడిద రంగుకు తిరుగుతుంది. దీపావళి రాత్రి తీసిన చీకటి ఫొటోలు, మామూలుగా డిలీట్ చేసేవి, ఇక్కడ బంగారం.

ప్రశ్న: తెర మీద వెలిగిపోయిన కొలాజ్ ప్రింటులో చీకటిగా వచ్చింది. (కర్నూలు)

జవాబు: తెర బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి పనిచేసి ఉంటారు. సగానికి దించి, పక్కన ఒక తెల్ల కాగితం పట్టుకుని పోల్చుకుంటూ పనిచేయండి. ఫైలును ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరల రంగుల ప్రమాణం) ప్రొఫైల్‌తో, క్వాలిటీ 95తో జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. సీఎంవైకే (అచ్చు సిరాల రంగుల పద్ధతి) ప్రెస్సుకే, ల్యాబ్‌లో వేయించే ఫొటోకు కాదు. పెద్ద ప్రింటుకు ముందు కొలాజ్‌లో అతి చీకటి మూలను 4×6 సైజులో కత్తిరించి ప్రింటు వేయించండి. ఇచ్చేటప్పుడు ‘కరెక్షన్ వద్దు’ అని చెప్పాలి. లేకపోతే ల్యాబ్ మెషిన్ మీరు పూసిన గోధుమ రంగును లోపమనుకుని తీసేస్తుంది.