పక్కన కూర్చోకపోవడం కూడా తప్పేనా?

మీ పాప క్లాసులో పుకార్లు, వెక్కిరింపులు, జట్టులోంచి తీసేయడం జరుగుతున్నాయని, వీటినీ వేధింపు కింద లెక్కేసి శిక్షించాలా అని అడిగారు. వేధింపు కింద లెక్కేసి తీరాలి. శిక్ష మాత్రం ఎలా వేస్తారన్నదే అసలు సంగతి.

నేను తొమ్మిదో తరగతిలో హాస్టల్లో ఉండేదాన్ని. ఒక ఆదివారం ఎవరిదో ట్రంకుపెట్టెలో డెబ్భై రూపాయలు పోయాయి. ఆ పూట జ్వరంతో గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. సాయంత్రానికి దొంగనైపోయాను. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, కనీసం "నువ్వు తీశావా" అని కూడా అడగలేదు. నేను లోపలికి వస్తే పెట్టెలకు తాళాలు పడేవి. మెస్‌లో కంచం పట్టుకుని కూర్చుంటే పక్కవాళ్లు జరిగిపోయేవాళ్లు. చిన్నపిల్లల కటీఫ్ అయితే రెండు రోజుల్లో పోతుంది. ఇది నెల దాటింది. ఒక రాత్రి, నిజంగానే తీశానేమోనని నా పెట్టె నేనే వెతుక్కున్నాను.

నాన్న వచ్చి హెడ్మాస్టరు గారితో చెప్పారు. ఆయన మర్నాడు ప్రేయర్‌లో ముగ్గురమ్మాయిల్ని నిలబెట్టి బెత్తంతో కొట్టారు. నాన్న తేలికైన మనసుతో బస్సెక్కారు. "దాని జోలికెళ్తే దెబ్బలు పడతాయి" అని అప్పటిదాకా పలకరించే ఇద్దరూ మానేశారు.

నన్ను ఇందులోంచి బయటపడేసింది లెక్కల టీచరు. ఆవిడ ఒక్కొక్కరినీ విడిగా పిలిచి "నీకెవరు చెప్పారు?" అని అడిగారు. ఆ పేరు పట్టుకుని ఇంకొకరిని. నాలుగు రోజుల్లో ఆ మాట మొదలుపెట్టిన అమ్మాయి దొరికింది. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. "నేను చూడలేదు, ఊరికే అనుకున్నాను" అని ఆ అమ్మాయి క్లాసులో తన నోటితో చెప్పింది. అదే ఆమెకు శిక్ష. మెస్‌లో రోల్ నంబరు వరసలో కూర్చోబెట్టారు. స్నేహం చేయమని ఆవిడ ఎవరికీ చెప్పలేదు, చెబితే అయ్యేది కూడా కాదు. కొన్నాళ్లకు పక్కనమ్మాయి పప్పు గిన్నె ఇటు జరపమంది. ఆ మాటకే నాకు కళ్లనీళ్లొచ్చాయి.

పుట్టినరోజుకి పిలవకపోవడం వేధింపు కాదు, అది వాళ్లిష్టం. "దానితో మాట్లాడితే నీతో మాట్లాడం" అని మిగతావాళ్లను కట్టడి చేయడం వేధింపే. మన పల్లెల్లో దీన్నే వెలి అన్నారు. కులమో, డబ్బు లేకపోవడమో కారణమైతే నేను అస్సలు మెత్తగా ఉండను. కాలేజీల విషయంలో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ 2016లోనే కులం, మతం, రంగు, ప్రాంతం, భాష, ఆర్థిక స్థితి చూసి తోటి విద్యార్థిని దూరం పెట్టడాన్ని కూడా ర్యాగింగ్‌లో చేర్చింది. 1997 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టంలో ఎగతాళి చేసి అవమానిస్తే ఆరు నెలల వరకు జైలు ఉంది. పదమూడేళ్ల పిల్లల మీద అంతదూరం వెళ్లాలని నేను అనను. కానీ పాప తిండి మానేసినా, నిద్ర పోకపోయినా ఆలస్యం చేయకుండా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.

రేపు స్కూలుకి వెళ్లినప్పుడు మధ్యాహ్నం మీ పాప ఎవరి పక్కన కూర్చుని తింటోందో ముందు అడగండి. క్లాస్ టీచరుకి తెలియకపోతే, ఈ వారమంతా భోజనాల దగ్గర ఉండి చూడమనండి.