నీళ్లు ముందే వదిలితే పోదా?

ప్రశ్న: వరద వస్తుందని తెలిసినా శ్రీశైలం గేట్లు ముందే ఎందుకు ఎత్తరు?

జవాబు: సాగుకు డ్యామ్ నిండుగా ఉండాలి, వరదను ఆపాలంటే ఖాళీ ఉండాలి, చిక్కంతా అక్కడేనండీ. ముందే వదిలేశాక వాన మొహం చాటేస్తే రబీ రైతుకు ఏం చెబుతాం? అలాగని నిండు మట్టం 885 అడుగుల దాకా నింపేసి కూర్చోవడం కూడా ప్రమాదమే. 2009 అక్టోబరులో, అంటే సీజన్ చివర్లో, 19 లక్షల క్యూసెక్కుల వరదకు డిజైన్ చేసిన ఈ డ్యామ్‌కు దాదాపు 25 లక్షలు వచ్చిపడ్డాయి, కర్నూలు మునిగింది. ఒడిశాలో మహానదిపై ఉన్న హిరాకుడ్ డ్యామ్‌లో వానాకాలం మొదట్లో మట్టం తక్కువగా ఉంచి, సీజన్ చివరికి 630 అడుగులకు నింపుతారు. ఇక్కడా అలాగే ఏ నెలలో ఎంత ఖాళీ ఉంచాలో కృష్ణా డ్యామ్‌లన్నిటికీ కలిపి రాసుకోవాలి, ఎగువన ఆల్మట్టి నుంచి వదిలే నీటి లెక్క గంట గంటకూ కిందికి అందాలి.