ముందు టేపు పట్టండి, బొమ్మ తర్వాత గీద్దాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ: పాత కారుకి కొత్త బాడీ వేసి స్పోర్ట్స్ కారు చేసుకోవడం. కాబట్టి టైర్లు, మైలేజీ ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నాన్న వాడిన 2004 మోడల్ మారుతి 800 ఇంటి ముందు ఊరికే ఉంది. ఇంజన్ బాగుంది. దానికి ఫైబర్ బాడీ వేసి ఫెరారీ ఎఫ్355 లాగా చేయాలని మూడేళ్లుగా అనుకుంటున్నా. ఇక్కడ ఒక మేస్త్రీ ఫోటో చూపిస్తే అచ్చం అట్లనే చేస్తానంటున్నాడు. ముందుకు పోవచ్చా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ఫోటో చూసి చేస్తానన్న మాట దగ్గరే ఆగు తమ్ముడూ. టేపు పట్టి కొలుస్తానని ఉంటే నేనూ సరే అనేవాణ్ని.

మారుతి 800 వీల్‌బేస్, అంటే ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమి దాకా, 2175 మిల్లీమీటర్లు. ఎఫ్355ది 2450. పావు మీటరు కంటే ఎక్కువ తేడా. వెడల్పు చూడు, నీ బండి 1440, అది 1900. అంటే ఒక్కో పక్క 230 మిల్లీమీటర్లు ఫైబర్‌తో పెంచాలి, కానీ చక్రాలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి, ఫెండర్ లోపల జానెడు లోతున, బయటి నుంచి చూస్తే పిల్లాడు నాన్న చొక్కా తొడుక్కున్నట్టు ఉంటుంది. స్పేసర్లు, అంటే చక్రం వెనక పెట్టే మందపాటి బిళ్లలు, వేసి చక్రాలు బయటికి లాగుదామని మేస్త్రీ అంటాడు, అనకుండా ఉండడు. అంత స్పేసర్ వేస్తే వీల్ బేరింగుల మీద పడే బరువు అవి తట్టుకునేది కాదు, నలుగురిని కూర్చోబెట్టుకుని తిరిగే చిన్న కారుకి వేసిన బేరింగులవి.

నేను ఏ బండి చూసినా మొదట చేసే లెక్క ఒకటుంది, నువ్వూ చేసి చూడు. వీల్‌బేస్‌లో ఎన్ని చక్రాలు పడతాయి? నీ 800కి 145/70 ఆర్12 టైరు, మొత్తం ఎత్తు దాదాపు 508 మిల్లీమీటర్లు, 2175ని దాంతో భాగిస్తే నాలుగుంబావు చక్రాలు. ఎఫ్355 వెనక టైరు 265/40 ఆర్18, ఎత్తు 669, దానికి మూడున్నర కంటే కొంచెం ఎక్కువ. మన కంటికి ఈ లెక్క తెలియకపోయినా తేడా మాత్రం తెలుస్తుంది. రోడ్డు మీద నకలు కార్లు చూసి "ఏదో తేడాగా ఉంది" అనిపించడానికి చాలాసార్లు కారణం లైట్లో గ్రిల్లో కాదు, ఇదే.

అమెరికాలో 1984 నుంచి 1988 దాకా వచ్చిన పాంటియాక్ ఫియేరో మీద అన్ని ఫెరారీ నకళ్లు ఎందుకు పుట్టాయో ఇప్పుడు అర్థమవుతుంది. దాని వీల్‌బేస్ దాదాపు 2372, ఫెరారీ 308ది 2340. ఇంజన్ సీట్ల వెనకే ఉంటుంది. బరువు మోసేదంతా లోపలి స్టీల్ ఫ్రేమ్, పైనున్న ప్లాస్టిక్ ప్యానెళ్లు బోల్టులు విప్పితే వచ్చేస్తాయి. బాడీ మార్చడానికే పుట్టినట్టుండే బండి. మన 800 అట్లాంటిది కాదు, అది మోనోకాక్. రూఫూ పిల్లర్లూ ఫ్లోరూ కలిసే బరువు మోస్తాయి. రూఫ్ కోసేస్తే ఫ్లోర్ వంగుతుంది, పైన ఎంత ఫైబర్ అతికించినా ఆ బలం తిరిగి రాదు. పరీక్ష ఒకటి చెప్తాను. రూఫ్‌కి రంపం తాకకముందే తలుపు చుట్టూ సందు నాలుగు చోట్ల కొలిచి రాసిపెట్టు, తర్వాత ఒక మూల జాకీ ఎత్తి తలుపు తీసి వెయ్యి. సాఫీగా పడితే నీ బండి ఇంకా గట్టిగా ఉన్నట్టు. కోసి, కింద బలానికి స్టీల్ వేశాక మళ్లీ అదే మూల ఎత్తి అదే తలుపు వెయ్యి. పట్టేసినా, రాసిపెట్టిన సందులు మారినా పని అక్కడే ఆపాలి.

మరి ఏం చేయాలి? రెండు దారులున్నాయి. ఒకటి, 800ని 800గానే ఉంచి, విండ్‌షీల్డ్, తలుపులు, రూఫ్ ముట్టకుండా ముందూ వెనకా ప్యానెళ్లు కొత్తగా డిజైన్ చేసుకోవడం. బయటి దేశాల్లో మజ్దా ఎంఎక్స్-5 లాంటి బండ్ల మీద మంచి కన్వర్షన్లు చేసేవాళ్లు చాలావరకు ఈ పద్ధతిలోనే పోతారు, ఎందుకంటే అద్దమూ తలుపు సీలింగూ కొత్తగా చేయడమంత కష్టం ఇంకోటి లేదు. విండ్‌షీల్డ్ లామినేటెడ్ గ్లాసే ఉండాలి, యాక్రిలిక్ షీటు వంచి పెడతానంటే ఒప్పుకోవద్దు.

రెండో దారి పొడుగు, కానీ నాకు ఇష్టమైంది. ముందు చక్రాలను తిప్పే ఇంజన్, గేర్‌బాక్స్‌ని ఉన్నదున్నట్టు తీసి సీట్ల వెనక పెట్టడం. 1972లో ఫియట్ ఎక్స్1/9 ఇలాగే వచ్చింది, ఫియట్ 128 ఇంజన్‌తో. 1984లో టయోటా ఎంఆర్2కి కరోలా ఇంజన్ వేశారు. మామూలు సంసారపు కారు సామానుతోనే అసలైన స్పోర్ట్స్ కార్లు చేశారు, వాటికి ఎవరి ముఖమూ అరువు తెచ్చుకోలేదు. మన దగ్గర ఇంకో మంచి సామాను ఓమ్నీ. అదే 796 సీసీ ఇంజన్, కానీ బండి పొడవు వెంట పెట్టి ఉంటుంది, వెనక చక్రాలను తిప్పుతుంది. ఓమ్నీ ఇంజన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ తీసుకుని స్టీల్ ట్యూబుల ఫ్రేమ్‌లో పెడితే, 1957లో లోటస్ కంపెనీ యజమాని కోలిన్ చాప్‌మన్ లోటస్ సెవెన్‌తో చూపించిన లాంటి సాదా రెండు సీట్ల బండి అవుతుంది. లోటస్ కూడా దాన్ని విడి భాగాలుగా అమ్మింది, కొన్నవాళ్లు ఇంట్లో బిగించుకునేవాళ్లు, పూర్తి కారు మీద పడే పన్ను తప్పేది. మన దేశంలోనే 1990ల చివర గోవా నుంచి సాన్ స్టార్మ్ వచ్చింది, ఫైబర్ బాడీ, చిన్న రెనో ఇంజన్. దాని ఫోటో ఒకసారి చూడు, చిన్న బండి చిన్న బండిలాగే ఎంత ముద్దుగా ఉందో.

నీ మూడేళ్ల కల వదులుకోమని చెప్పట్లేదు తమ్ముడూ. అందులో ఆ ఫెరారీ ముఖం ఒక్కటి మార్చుకో.

ప్రశ్న: సార్, బానెట్ కోసం థర్మాకోల్ చెక్కి, దాని మీద ఫైబర్ మ్యాట్ పరిచి రెసిన్ పోశాం. పది నిమిషాల్లో థర్మాకోల్ అంతా కరిగి గుంటలు పడ్డాయి. రెసిన్ నకిలీదా?
– ముగ్గురు మిత్రులు, జనగామ

జవాబు: రెసిన్ మంచిదే. పాలిస్టర్ రెసిన్‌లో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది, అది థర్మాకోల్‌ని తినేస్తుంది. థర్మాకోల్ బదులు పీయూ (పాలీయూరిథేన్) ఫోమ్ వాడండి, లేదా చెక్క చట్రం కట్టి పైన బంకమట్టి పెట్టండి. వినాయకుడి విగ్రహాలు చేసేవాళ్ల చెయ్యి చూశారా, బొటనవేలితో ఒక్కసారి జార్చితే పొట్ట మీద గుంటా మిట్టా లేకుండా వస్తుంది, అట్లాంటి మనిషిని ఒక వారం పనికి పిలుచుకోండి, కంప్యూటర్ బొమ్మకంటే ఎక్కువ ఉపయోగం. మీ పక్కనే పెంబర్తి ఉంది కదా. లక్క మీద ఇత్తడి రేకు పెట్టి సుత్తితో ఎంత నిదానంగా లేపుతారో ఒక పూట కూర్చుని చూసి రండి. రేకు ఎక్కడ సాగుతుంది, ఎక్కడ ముడుచుకుంటుంది అన్నది బానెట్ గీసేవాళ్లకి తెలియాల్సిన సంగతే.

మాస్టర్ ప్యాటర్న్, అంటే అచ్చు తీయడానికి ముందు చేసుకునే నమూనా, పని సగం గరుకు కాగితం పనే. పుట్టీ పెట్టడం, రుద్దడం, మళ్లీ పెట్టడం. సాయంత్రం ట్యూబ్‌లైట్ ఒకటి పక్కన నిలబెట్టి దాని వెలుగు గీత బానెట్ మీద ఎట్లా పారుతుందో చూడండి, గీత ఎక్కడ వంకర పోతే అక్కడ ఎత్తుపల్లం ఉన్నట్టు. పెయింట్ పడ్డాక అదే ఎత్తుపల్లం పది రెట్లు కనిపిస్తుంది. అది అయ్యాక అంటుకోకుండా వాక్స్, ఆ తర్వాత దాని మీద మోల్డ్, అంటే అచ్చు. అంచులు లోపలికి తిరిగి ఉంటే మోల్డ్ ఊడిరాదు, కాబట్టి బంపర్ లాంటివాటికి మోల్డ్ రెండు ముక్కలుగా చేసి అంచు పట్టీలకి బోల్టులు వేయాలి.

బానెట్ సైజు 1.2 చదరపు మీటర్లు అనుకుందాం. చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే మ్యాట్ మూడు పొరలు వేస్తే దాదాపు మూడు మిల్లీమీటర్ల మందం వస్తుంది. మ్యాట్ కిలోన్నర దాటుతుంది, రెసిన్ దానికి రెండు, రెండున్నర రెట్లు చాలు. పైన నునుపు కోసం వేసే జెల్‌కోట్ పొర కలిపి ఆరు కిలోల చిల్లర. అదే సైజు 0.8 మిల్లీమీటర్ల స్టీల్ రేకు ఏడున్నర కిలోలు. తేడా అంతే! రెసిన్ బకెట్‌తో పోసి రోలర్ తిప్పకుండా వదిలేస్తే ఫైబర్ బానెట్ స్టీల్ కంటే బరువు తూగుతుంది. ఫైబర్ అంటేనే తేలిక అనుకుని మోసపోయిన బండ్లు చాలా చూశాను. రామప్ప గుడి కట్టినవాళ్లు శిఖరానికి తేలిక ఇటుకలు వాడింది అక్కడి బరువు తగ్గాలని. మీరూ పైభాగంలో, చివరల్లో మందం తగ్గించండి, హింజ్‌లూ లాక్ దగ్గర మాత్రం పొరలు పెంచండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం రెండుసార్లు చదవండి. రెసిన్‌ని గట్టిపరిచే హార్డెనర్‌నీ, ఆ పని తొందరగా అయ్యేలా చేసే కోబాల్ట్ ద్రావణాన్నీ ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయొద్దు, పేలుతుంది. కోబాల్ట్‌ని ముందు రెసిన్‌లో బాగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్. కోబాల్ట్ కలిపిన రెసినే అడిగి తెచ్చుకుంటే ఇంకా మంచిది. మన వరంగల్ వైపు మే నెల ఎండకి హార్డెనర్ ఒక శాతం చాలు. నేను పని నేర్చుకునే రోజుల్లో హనుమకొండలో ఒక రేకుల షెడ్డులో మధ్యాహ్నం రెండింటికి, చలికాలంలో వేసిన లెక్కే వేసి రెండు శాతం కలిపాను. బ్రష్ ముంచేలోపు మగ్గు చేతిలో కాలింది. వదిలేస్తే అందులోంచి పొగ, ఆ పొగకి రెండు రోజులు గొంతు మంట. ఆ రోజు నుంచి ఎండాకాలం ఫైబర్ పని పొద్దున ఎనిమిదిలోపే, తలుపులన్నీ బార్లా తీసి, మాస్క్ పెట్టుకుని. మీరూ అట్లనే చేయండి.

ప్రశ్న: మా అబ్బాయి కారు బాడీ మార్పిస్తానని డబ్బు జమ చేస్తున్నాడు. పోలీసులు పట్టుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. చట్టం ఏమంటుంది?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీ భయం సబబే అమ్మా. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. రంగు మార్చడం, సీఎన్‌జీ కిట్ లాంటివి ఆర్‌సీలో రాయించుకుంటే చెల్లుతాయి, కొత్త బాడీ కథ వేరు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది కూడా ఇదే.

అబ్బాయి కోరిక చెడ్డది కాదు, రోడ్డు మీదికి తేవడమే సమస్య. ప్రైవేటు స్థలంలోనో, రేస్ ట్రాక్ వాళ్లు ఒప్పుకుంటే కోయంబత్తూరు కరి స్పీడ్‌వే, చెన్నై ఇరుంగాట్టుకోట్టై లాంటి చోట్లనో లారీ మీద తీసుకుపోయి నడుపుకోవచ్చు. పని మొదలుపెట్టకముందే ఆర్టీఏ ఆఫీసుకి పోయి ఆర్‌సీ సంగతి రాతపూర్వకంగా తేల్చుకోమనండి. "అందరూ చేయించుకుంటున్నారు" అని గ్యారేజీలో చెప్పే మాట ఎక్కడా చెల్లదు.

ప్రశ్న: వెనక పెద్ద స్పాయిలర్ పెడితే స్పీడ్ పెరుగుతుందా?
– ఒక పాఠకుడు, జమ్మికుంట

జవాబు: పెరగదు. రెక్క పని వెనక చక్రాలను నేలకి అదమడం, దానికి బదులుగా గాలి బండిని వెనక్కి లాగుతుంది. మీది 800 లాగా ఇంజన్ ముందు చక్రాలను తిప్పే బండైతే, వెనక అదిమి లాభం లేదు. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించండి.

ప్రశ్న: సార్, నేను మెకానికల్ మూడో ఏడు చదువుతున్నా. కారు బాడీ డిజైన్ చేయాలని ఉంది. ఆడపిల్లకి గ్యారేజీ పనేంటని ఇంట్లో అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: చెల్లెమ్మా, ఇంట్లో వాళ్లకి ఇది పెద్ద చదువని చెప్పు. గాంధీనగర్ ఎన్ఐడీలో వాహనాల డిజైన్‌కి పీజీ ఉంది, ఐఐటీ బాంబే ఐడీసీలో ఉంది, ఐడీసీకి సీడ్ పరీక్ష రాయాలి. మీ కాలేజీలో బాజా టీమ్ (విద్యార్థులే బండి తయారుచేసి దించే పోటీ అది) ఉంటే ఈ ఏడాదే చేరు, లేకపోతే నలుగురు కలిసి మొదలుపెట్టండి, వెల్డింగ్ చేతికొస్తుంది.

ఈ ఆదివారం ఒక పని చెయ్యి. మీ వీధిలో ఆగున్న ఓమ్నీనో 800నో పక్క నుంచి ఫోటో తియ్యి. దగ్గర నుంచి తీస్తే కొలతలు సాగుతాయి, పది మీటర్లు వెనక్కి పోయి జూమ్ చేసి తియ్యి. ప్రింట్ తీసి, మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి ముందు చక్రం, వెనక చక్రం, నేల గీత, విండ్‌షీల్డ్ అడుగు, డ్రైవర్ తల ఎక్కడుంటుందో గీసుకో. ఇవి ఐదూ కదపకూడదు. మిగతా గీత అంతా నీదే. ఒకే బండి మీద ఇరవై గీయి, అందులో నీకు నచ్చినవి రెండు, నచ్చనిది ఒకటి ఈ పేజీకి పంపు. నచ్చనిది ఎందుకు నచ్చలేదో వెనక రాయి, ముందు అదే చదువుతాను.